లిస్టింగులో లేని పదకొండు కార్డులు

ఆ కంప్యూటర్ సెంటర్లో చల్లటి గది ఒక్కటే ఉంది. అది మనుషుల కోసం కట్టింది కాదు. ఎనభై రెండు జూన్ మొదటి గురువారం హన్మకొండ అంతా కుతకుత ఉడుకుతుంటే, సుబేదారి రోడ్డు పక్కనున్న ఆ పాత బంగళాలో యంత్రం మాత్రం కొత్తల్లుడిలా హాయిగా కూర్చుంది. దాని గదికి రెండు తలుపులు. మొదటి తలుపు దగ్గర చెప్పులు విడవాలి, రెండో తలుపు దగ్గర కాళ్లు తుడుచుకోవాలి. లోపలికి వెళ్లే హక్కు ఇద్దరికే ఉంది, హెడ్ సుదర్శనం సారుకు, ప్రోగ్రామర్ కృపానందానికి. అట్టకార్డుల మీద చిల్లులు కొట్టే ఆడవాళ్లు బయటి హాల్లో, కరెంటుంటే ఫ్యాను కింద, లేకపోతే విసనకర్రతో కాలం గడుపుతారు. వాళ్లు కొట్టిన కార్డుల ట్రేలు గోడకున్న చిన్న కిటికీ గుండా లోపలికి పోతాయి. ఆ గదికి బయటి లోకంతో ఉన్న సంబంధం ఆ కిటికీ ఒక్కటే.

కృపానందానికి ఇదంతా గర్వంగా ఉండేది. ఇరవై ఆరేళ్లవాడు. హైదరాబాదులో ఆరు నెలల ట్రైనింగ్ అయి వచ్చాడు, ప్రొబేషన్ ఇంకా నాలుగు నెలలుంది. మే నెలలో యంత్రం డిస్కు చెడిపోయి, అందులో తయారుగా ఉన్న ప్రోగ్రాములన్నీ పోయాయి. ఇంజనీరు వచ్చి బిగించిపోయిన కొత్త డిస్కు కడిగిన పలకలా ఉంది. సర్కారు హాస్టళ్లలో ఏ పిల్లకు సీటు ఇవ్వాలో తేల్చే ప్రోగ్రామును ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి కట్టాలి. కట్టడమంటే, మనిషి రాసిన వాక్యాలు ఒక్కో కార్డుకు ఒక్కోటి చొప్పున వరసగా పేర్చి మిషన్‌కు తినిపించాలి. అది వాటిని తన భాషలోకి మార్చుకుంటుంది. ముందు పేర్లను వరసలో పెట్టే భాగం, తర్వాత అచ్చు వేసే భాగం, చివరికి అసలు లెక్క. మూడూ కుదిరాక వాటిని కలిపి ముడివేయాలి. ఒక్క కార్డు తగ్గినా మిషన్ ఎవరినీ అడగదు, తనకు ఇచ్చినదానితోనే సరిపెట్టుకుంటుంది.

ఆ ప్రోగ్రాము వాక్యాలన్నీ అచ్చువేసిన పాత కాగితాల కట్టను లిస్టింగు అంటారు. కృపానందం దాన్ని బీరువాలోంచి తీసి దుమ్ము దులిపి, ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో వాక్యం పక్కన టిక్కు పెడుతూ కార్డులు సరిచూసుకున్నాడు. కట్టేది శుభ్రంగా కట్టాలి, ఎవరి నోటిమాటా చేతిరాతా దాంట్లో కలవకూడదు అన్నది అతని పట్టుదల. ట్రైనింగులో అట్లాగే చెప్పారు. చెప్పిన మాట తప్పు కూడా కాదు.

పదకొండు గంటలకు కిటికీ రెక్క చప్పుడయింది. అవతల లిదియా. ఆమె ఎనిమిదేళ్లుగా అక్కడ కార్డులు కొడుతోంది, ఎనిమిదేళ్లుగా టెంపరరీయే. కృపానందమూ ఆమే ఒకే చర్చి. అక్కడ ఆమె అతనికి లిదియక్క, అతను ఆమెకు తమ్ముడు. ఆఫీసులో మాత్రం సార్.

ఆమె ట్రే లోపలికి నెట్టి, దాని మీద రబ్బరు బ్యాండు వేసిన చిన్న కట్ట ఒకటి పెట్టింది.

“ఇవి గూడ పోవాలె సార్. పదకొండున్నయ్.”

“ఏందివి?”

“హాస్టళ్ల ఆఫీసోళ్లు ఏడాదికొకసారి చిట్టీలు తెచ్చేది. మీకన్న ముందున్న పాత సారు నాతోటి కార్డు కొట్టిచ్చి మధ్యల పెట్టేది. గట్ల జమైనయ్.”

“లిస్టింగుల ఉన్నయా?”

“లెవ్వు సార్. పాత సారు మల్ల అచ్చు తీయలే.”

“లిస్టింగుల లేనిది నేను పెట్టనక్కా. ఎవరు ఏది చేతికిస్తే అది పెడితే, రేపు అడిగినోళ్లకు జవాబు ఎవరు చెప్పాలె?”

“జర చూడుండ్రి సార్. పెట్టకుంటె వాగవతలి ఊర్లు...”

అతను అప్పటికే కట్టను కిటికీలోంచి వెనక్కి నెట్టేశాడు. చల్లగాలి బయటికి పోతోందని రెక్క కూడా మూసేశాడు. ఆమె మాట సగంలో ఆగిపోవడం అతనికి వినపడింది. వినపడనట్టే కార్డులు తట్టి సమం చేసి మిషన్‌కు పెట్టాడు. అవి గలగలమంటూ లోపలికి పోయాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఒక్క తప్పు లేకుండా ప్రోగ్రాము తయారయింది. జాబితా అచ్చయి బయటికొచ్చింది. సుదర్శనం సారు భుజం తట్టాడు. హాస్టళ్ల ఆఫీసు గుమస్తా రాజమల్లు దాన్ని చంకలో పెట్టుకుని ఏటూరునాగారం బస్సెక్కాడు.

శనివారం పన్నెండింటికి అదే రాజమల్లు అదే జాబితాతో తిరిగి వచ్చాడు. వెంట ఒక ముసలాయన ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో మనవరాలి బడి కాగితాలు పెట్టుకున్న ప్లాస్టిక్ సంచి. పేరు పోశయ్య.

“సార్, నిన్న సాయంత్రం నోటీసు బోర్డుకు పెట్టినమో లేదో, జనమంతా మీద పడ్డరు,” అన్నాడు రాజమల్లు. “వాగవతలి పదకొండు ఊర్లల ఒక్క పిల్లకు సీటు రాలే. ఏటేటా అచ్చేది. ఆ ఊర్లకు బడి దగ్గరనే ఉన్నదని మీ లెక్క చెప్తాంది. మ్యాపుల దగ్గరనే సార్. మధ్యల వాగున్నది. వానలు పడ్డంక నాలుగు నెలలు ఎవడన్న దాటుతడా? బుధవారం హాస్టళ్లు తెరుస్తరు. అప్పటికి పేరు లేనోళ్లను లోపటికి రానియ్యరు.”

కృపానందం చేతిలో లిస్టింగు ఉంది. పదకొండు అన్న మాట వినగానే అతను దాన్ని మూసేశాడు. పదకొండు కార్డులు, పదకొండు ఊళ్లు. ఇక అడగాల్సింది ఏమీ లేదు.

“ఏమైంది కృపానందం?” అన్నాడు సుదర్శనం సారు.

“లోపలికి వచ్చిన కార్డులన్నీ వరసగా పెట్టాను సార్. లిస్టింగు ప్రకారమే,” అన్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే ఆ మాట అంత సులువుగా వచ్చింది.

“అంటే పంచింగ్ వాళ్లు కొన్ని కార్డులు ఇయ్యలేదన్నట్టు. లిదియాను పిలువు.”

లిదియా వచ్చి బల్లకు రెండడుగుల దూరంలో నిలబడింది. వేళ్లకు కార్డుల దుమ్ము ఉంది, కొంగుతో తుడుచుకుంది.

“ఇచ్చిన సార్,” అంది. “గురువారం పొద్దుగాల కిటికీల పెట్టిన. లిస్టింగుల లెవ్వని వాపసు అచ్చినయ్.”

సుదర్శనం సారు కృపానందం వైపు తిరిగాడు. “అట్లనా?”

అప్పుడు ఆమె కూడా అతని వైపు చూసింది. కోపంగా కాదు. బడిలో పంతులమ్మ, జవాబు తెలిసిన పిల్లవాడు లేచి నిలబడతాడని చూసినట్టు చూసింది. ఒక్క “అవును” చాలు. ప్రొబేషన్, హైదరాబాదుకు పోయే రిపోర్టు, నిన్న భుజం తట్టిన చెయ్యి, అన్నీ ఒకేసారి అతనికి అడ్డం వచ్చాయి.

“నాకు గుర్తు లేదు సార్,” అన్నాడు.

 లిదియా చూపు దించుకుంది.  ఆమె ఎదురు చెప్పి ఉంటే అతనికి కాస్త ఊపిరాడేది, వాదించడానికైనా ఏదో దొరికేది.

“సోమవారం పొద్దున్నకల్లా నీ సంజాయిషీ నా బల్ల మీద ఉండాలె,” అన్నాడు సుదర్శనం సారు ఆమెతో. “నీ పర్మినెంటు ఫైలు అప్పటిదాకా కదలదు. ఇగ పో.”

ఈ సెంటర్లో తప్పు ఎప్పుడూ కిటికీకి అవతలే జరుగుతుంది. చల్లగదిలో జరిగిన తప్పు ఎనిమిదేళ్లలో ఒక్కటి కూడా రికార్డులో లేదు.

వరండాలో పోశయ్య ఆమెకు అడ్డం వచ్చాడు. తప్పు ఎవరిదో రాజమల్లు అతనికి అప్పటికే చెప్పేశాడు.

“బిడ్డా, నీకు పిల్లలున్నరా?” అన్నాడు. “ఉంటె నీ పిల్లను వానకాలం ఆ వాగు దాటిస్తవా? నీడపట్టున కూసోని కాయితాలకు పొక్కలు పెట్టేటోళ్లకు మా పానాలంటె లెక్కుండదా? మా సమ్మక్క నాలుగో తరగతి. నెలరోజుల సంది పెట్టె సదురుకోని కూసున్నది.”

లిదియా లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ముసలాయన తీసుకోలేదు. ఆమె గ్లాసును అతని పక్కన గోడ మీద పెట్టి వెళ్లి తన మిషన్ ముందు కూర్చుంది. కృపానందం ఇదంతా తలుపు సందులోంచి చూశాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడి చూశాడు.

మర్నాడు సంస్కారపు ఆదివారం. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. వాళ్ల చర్చిలో పెద్దల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. ప్రభువు బల్ల దగ్గరికి పిలిచే ముందు అయ్యగారు పాటల పుస్తకం మూసి ఊరుకుంటారు. ఒకరితో ఒకరికి మాట పట్టింపు ఉన్నవాళ్లు ఆ కాసేపట్లో లేచి, అవతలి వరసకు వెళ్లి, చేతులు కలిపి సమాధానపడి రావాలి. ఎవరు లేచారో, ఎవరి దగ్గరికి వెళ్లారో చూసి మధ్యాహ్నం చెప్పుకోవడానికి వచ్చేవాళ్లూ ఉన్నారనుకోండి. అయినా ఆ పద్ధతి వల్ల ఎన్ని పొలం గట్ల తగాదాలు తీరాయో లెక్కలేదు.

యోసేపు అయ్యగారు పుస్తకం మూశారు. ఆడవాళ్ల వైపు రెండో బెంచీ చివర లిదియా కూర్చుని ఉంది. తెల్ల చీర, తల మీద కొంగు. కృపానందం నుంచి ఆమె దాకా పట్టుమని పది అడుగులు లేవు. ఎవరో ఇద్దరు అన్నదమ్ములు లేచి కౌగిలించుకున్నారు. ఒక కోడలు అత్త దగ్గరికి వెళ్లింది. కృపానందం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సిమెంటు గచ్చులోని పగులు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు లేస్తే ఎందుకు లేచాడని చర్చి అంతా అడుగుతుంది, సోమవారానికి ఆఫీసుకు చేరుతుంది. లేవకపోతే... లేవకపోతే ఎవరికీ తెలియదు. అతనికి తన మీద అసహ్యం వేసింది. అసహ్యం వేసినా కాళ్లు లేవలేదు.

అయ్యగారు పుస్తకం తెరిచారు. మగవాళ్ల వరస కదిలింది. బల్ల దగ్గరికి వెళ్లే ధైర్యం అతనికి లేకపోయింది. పక్కవాళ్లకు దారి ఇచ్చి అట్లాగే కూర్చుండిపోయాడు.

బయట వేపచెట్టు కింద తల్లి హన్నా అతని నుదురు తాకి చూసింది. “ఏందిరా, పానం బాగ లేదా? బల్ల కాడికి రాలే?”

ఇంతలో లిదియా అటుగా వచ్చింది. హన్నాకు చేతులు జోడించి “వందనాలు పెద్దమ్మా” అంది. తర్వాత అతని వైపు తిరిగింది.

“వందనాలు సార్,” అంది.

చర్చి ఆవరణలో ఆమె అతన్ని సార్ అనడం అదే మొదలు. హన్నా ఆశ్చర్యంగా చూసి, ఆఫీసు అలవాటనుకుని నవ్వింది. కృపానందానికి చెవులు కాలిపోయాయి. తిరిగి వందనాలు చెప్పాలని కూడా తోచలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకే సుదర్శనం సారు పిలిచి యంత్రం గది తాళాలు చేతిలో పెట్టాడు. “ఆ కార్డులు తీసుకోని మళ్లీ కట్టు. సాయంత్రానికి జాబితా రాజమల్లు చేతుల ఉండాలె,” అన్నాడు. కృపానందానికి బరువు సగం దిగినట్టయింది. పిల్లలకు సీట్లు వస్తే ఇక మిగిలిందేముంది, మెల్లగా సర్దుకుంటుందిలే అనుకున్నాడు. మనిషి మనసు ఎంత తొందరగా తనకు తాను మాఫీ ఇచ్చుకుంటుందో.

హాల్లోకి వెళ్లాడు. లిదియా సొరుగు తెరిచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట తీసింది.

“ఏది ఎక్కడ పెట్టాలె?” అన్నాడు.

“నోటితోటి చెప్తె తెల్వది సార్. చేత్తోటి చూడాలె. కొన్ని లెక్కకు ముందు పోవాలె, కొన్ని ఎనక. ఒకటి అచ్చు కాడ పోతది.”

అంటే ఆమె లోపలికి రావాలి. అతను వెళ్లి అనుమతి అడిగాడు. సుదర్శనం సారు విసుక్కుని, “నీ కండ్ల ముందర ఉంచుకో” అన్నాడు.

ఆమె మొదటి తలుపు దగ్గర చెప్పులు విడిచింది. రెండో తలుపు దగ్గర కాళ్లు తుడుచుకుంది, మళ్లీ ఒకసారి తుడుచుకుంది. లోపల అడుగుపెట్టగానే చల్లటి నేల తగిలి పాదాలు ముడుచుకున్నాయి. ఎనిమిదేళ్లు తాను మేపిన మిషన్‌ను ఆమె చూడటం అదే మొదటిసారి. చుట్టూ చూసి, “కార్డులు ఎటునుంచి తింటది?” అని అడిగింది. అతను చూపించాడు. ఆమె తల ఊపి పనిలో పడింది.

కార్డుల ట్రేను ముందుకు లాక్కుని, కూరగాయల గంపలో వేళ్లు ఆడించినంత తేలిగ్గా వెనక్కీ ముందుకీ తిప్పింది. పంచింగ్ మిషన్ల రిబ్బన్లు ఎండిపోయి ఏళ్లయింది, కార్డు అంచున అక్షరాలు కనిపించవు. ఆమె కార్డును ట్యూబులైటుకు ఎత్తి పట్టి చిల్లులు చదివి, సరిగ్గా ఉండాల్సిన సందు వెతికి అందులో పెట్టింది.

“ఇది వరదలచ్చిన ఏడాది కొట్టింది,” అంది తనలో తాను అనుకుంటున్నట్టు. “ఇది పంతులు బదిలీ అయి మల్ల రాని ఊరు. ఇది బడి కాయితంల ఉన్నది, ఊర్లె లేదు. ఇది పోశయ్య తాత వాళ్లది.”

పదకొండూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. కృపానందం వాటిని మిషన్‌కు పెట్టాడు. ఒక భాగం, రెండో భాగం, అసలు లెక్క. ఒక్క తప్పు రాలేదు. రెండింటికి జాబితా అచ్చు కావడం మొదలైంది. లిదియా కాగితం మీదికి వంగి వేలితో వెతికింది. సమ్మక్క పేరు దగ్గర వేలు ఆగింది. ఆమె ముఖంలో చిన్న వెలుగు వచ్చింది, అతన్ని చూడగానే పోయింది.

“అక్కా, నేను సారుకు చెప్త,” అన్నాడు. “నువ్వు ఇచ్చినవు, నేనే వాపసు ఇచ్చిన అని.”

“ఎందుకు సార్ ఇప్పుడు? కాయితం పోయింది,” అని ఆమె బయటికి నడిచింది.

ఏ కాగితమో అతనికి వెంటనే తట్టలేదు. వెనకే హాల్లోకి వెళ్లాడు. పక్క మిషన్ మీద పనిచేసే తాహెరా బేగం శనివారం నుంచి అతనితో మాట్లాడటం లేదు. ఇప్పుడు మాట్లాడింది.

“ఏ కాయితమని అడుగుతాన్రా? సంజాయిషీ కాయితం. ఒకసారి అయిపోయిన పనికి మల్ల మిషన్ ఇయ్యాలంటె తప్పు ఎవలదో రాసి హైదరాబాద్ పంపాలెనంట. ఆ కాయితం వచ్చేదాక తాళాలియ్యనన్నడు పెద్దసారు. పొద్దుగాల తొమ్మిదికి అక్క సంతకం పెట్టిచ్చింది, కార్డులు నేనే ఇయ్యలే అని. నేను వద్దన్న. బుధవారం పిల్లలు పెట్టెలు పట్టుకోని వస్తరు తాహెరా, ఆయన ఎప్పుడు చెప్తడో ఏమో, అన్నది. తొమ్మిదిన్నరకు మీకు తాళాలిచ్చిండు. మీకేం ఫికర్.”

లిదియా మిషన్ టకటకలాడుతూనే ఉంది. కృపానందం తాళాల గుత్తి ఇంకా జేబులోనే ఉందని గమనించాడు. తను పొద్దున ఎంత తేలిగ్గా దాన్ని అందుకున్నాడో గుర్తుకొచ్చి, సిగ్గుతో మెడదాకా చెమట పట్టింది.

ఖాళీగా ఉన్న పంచింగ్ మిషన్ ముందు కూర్చున్నాడు. అలవాటు లేని వేళ్లతో నాలుగు కార్డులు పాడుచేసి, అయిదోది కొట్టాడు. ఈ పదకొండు కార్డులు లిదియా ఇచ్చినవి, జూన్ మూడున వాపసు చేసింది కృపానందం అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. దాన్ని ప్రోగ్రాము మొదట్లో పెడితే ఇక ఎప్పుడు లిస్టింగు తీసినా ఆ మాట అచ్చవుతుంది. ఆ కార్డు తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాడు. ఆమె కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చదివింది.

“మొదటి గడిల సి కొట్టినరు,” అంది.

“అవును.”

“సి కొట్టిన కార్డు లిస్టింగుల అచ్చయితది గని, మిషన్ దాన్ని లెక్కల తీసుకోదు గద సార్. దాటేసి పోతది.” కార్డును తిరిగి అతని చేతిలో పెట్టింది. “మీరు తప్ప ఇంకెవలు చూస్తరు దీన్ని?”

కటువుగా అనలేదు. ఉన్న మాట అంది. ఎవరికీ తగలని చోటు చూసుకుని తప్పు ఒప్పుకోబోయానని అతనికి అప్పుడు తెలిసింది. కార్డును మడిచి జేబులో పెట్టుకుని సుదర్శనం సారు గదికి వెళ్లాడు.

అక్కడ రాజమల్లు కుర్చీలో ఉన్నాడు, కొత్త జాబితా అతని ఒడిలో ఉంది. జాబితా కోసమే మళ్లీ వచ్చిన పోశయ్య గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని టీ తాగుతున్నాడు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామా అన్న ఆలోచన వచ్చింది. ఆగితే మళ్లీ రాలేనని తెలిసి, అక్కడే నిలబడి చెప్పాడు.

“సార్, శనివారం గుర్తు లేదని చెప్పింది అబద్ధం. లిదియా కార్డులు ఇచ్చింది. నేనే వెనక్కి నెట్టిన.”

సుదర్శనం సారు రాజమల్లు వైపు ఓరగా చూసి, “తర్వాత మాట్లాడుదాం,” అన్నాడు.

“ఇప్పుడే సార్. ఆమె కాగితం తప్పు. నేను రాసిస్త.”

“ప్రొబేషన్ల ఉన్నవు. తెలుసు గద?”

“తెలుసు సార్.”

సుదర్శనం సారు తెల్లకాగితం ఒకటి బల్ల మీద జరిపాడు. కృపానందం నిలబడే రాశాడు. సంతకం పెట్టి తేదీ వేశాడు. సుదర్శనం సారు చదివి, “పొద్దుటిది తపాలకు పోయింది. ఇది పోయినంక నీ ఉద్యోగం ఏమయితదో, ఆమెకు ఏం ఒరుగుతదో నేను చెప్పలేను,” అని కాగితాన్ని ఫైలులో పెట్టాడు.

“ఏమంటాండు బాంచెన్?” అన్నాడు పోశయ్య, రాజమల్లుతో.

“ఏం లేదే. మొన్న తప్పు ఆమెది గాదట. ఈ సారుదట.”

పోశయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని లేచాడు. కృపానందం తిట్లకు సిద్ధమై నిలబడ్డాడు, తిడితే బాగుండుననీ అనిపించింది. ముసలాయన అతన్ని దాటుకుని హాలు వైపు నడిచాడు. గుమ్మంలో తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. వరసగా ఉన్న మిషన్ల మధ్యనుంచి లిదియా దగ్గరికి వెళ్లాడు.

“బిడ్డా, తెల్వక నిన్ను మాటలన్న,” అన్నాడు, హాలంతా వినేటట్టు. “నీళ్లిస్తె గూడ ముట్టలే. మనసుల పెట్టుకోకు.”

అంతే. ఆ మాట అనడానికి ఆయనకు అక్కడిదాకా నడిచినంత సేపు పట్టింది.

లిదియా మిషన్ ఆపి లేచింది. “అట్లనకు తాతా,” అంటూ తన స్టూలు ముందుకు జరిపింది. “కూసో. బిడ్డ పేరు చూసినవా?”

తాహెరా బేగం చేతిపని వదిలేసి చూస్తోంది. పంకా కింద కార్డులు రెపరెపలాడుతున్నాయి. కృపానందం హాల్లోకి నడిచి, ముసలాయన వెనక తన వంతు కోసం నిలబడ్డాడు.